కాలూ చెయ్యీ ఆడటానికో వీధి

ఆంధ్రప్రదేశ్ పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రిగారికి,

పెద్దవాళ్ల ఆరోగ్యం గురించిన ఉత్తరం వైద్యారోగ్య శాఖకు వెళ్లాల్సింది, దారి తప్పి మీ బల్ల మీదికి వచ్చిందనుకోకండి. అరవై దాటిన మనిషి షుగరుకో బీపీకో మోకాళ్ల నొప్పికో డాక్టరు దగ్గరికి వెళితే, మందులన్నీ రాశాక ఆయన చివర్లో చెప్పే మాట ఒకటుంటుంది: రోజూ కాసేపు నడవండి, బరువు తగ్గండి. మందుల షాపు వీధి మలుపులోనే ఉంటుంది. నడకకు మాత్రం ఆ వీధిలో చోటుండదు. ఆ చీటీలో మందుల షాపులో దొరకనిది అదొక్కటే, దాన్ని ఇవ్వగలిగింది మీ శాఖ ఒక్కటే. అందుకే ఈ ఉత్తరం మీకు.

ముందు బరువు సంగతి తేల్చుకుందాం. నడిస్తే సన్నబడతారని ఆశపెట్టి పెద్దవాళ్లను రోడ్డు మీదికి పంపడం న్యాయం కాదు. డెబ్భై కిలోల మనిషి అరగంటసేపు మామూలుగా నడిస్తే ఖర్చయ్యేది 120 క్యాలరీల చుట్టూ. తిరిగొస్తూ ఒక గారె తిని, చక్కెర వేసిన టీ తాగితే ఆ లెక్క సరిపోయి పైన కొంత మిగులుతుంది కూడా. నెల తిరక్కుండానే చాలామంది నడక మానేయడానికి కారణం బద్ధకం కాదు, ఈ లెక్క ఎవరూ విడమర్చి చెప్పకపోవడం. కాటా మీద ముల్లు కదలకపోతే నడక పనిచేయలేదనుకుంటారు. నిజానికి బరువు తగ్గడమనేది ముఖ్యంగా కంచం దగ్గర తేలే వ్యవహారం. అయితే ఒక్క కంచాన్నే నమ్ముకున్నా పెద్ద వయసులో ప్రమాదమే. 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అమెరికన్ అధ్యయనం వచ్చింది. 65 దాటిన, ఊబకాయం ఉన్న 107 మందిని నాలుగు జట్లుగా చేసి ఏడాదిపాటు చూశారు. తిండి మాత్రమే తగ్గించినవాళ్లు పదో వంతు బరువు తగ్గారు, కానీ కొవ్వుతో పాటు కండా కరిగింది, తుంటి ఎముక సాంద్రత కూడా పడింది. వ్యాయామం మాత్రమే చేసినవాళ్ల బరువు ఇంచుమించు ఉన్నచోటే ఉంది. అయినా లేవడం, నడవడం, మెట్లెక్కడం లాంటి పనుల్లో వాళ్ల సత్తా 15 శాతం మెరుగైంది. తిండీ తగ్గించి వ్యాయామమూ చేసినవాళ్లలో ఆ మెరుగు 21 శాతం. మన దగ్గర పెద్దవాళ్ల ఒళ్లు చాలావరకు పొట్ట దగ్గర లావు, తొడల దగ్గర సన్నం. ఉన్న ఆ కాస్త కండనూ పోగొట్టి కిలోలు తగ్గించామని సంతోషించడం ఏ లెక్కన చూసినా నష్టమే.

బరువు తగ్గనక్కర్లేదని దీని అర్థం కాదు. మోకాళ్లు అరిగినవాళ్లలో ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లోనే లెక్కగట్టారు. నేను చెప్పేదల్లా నడక విలువను కాటాతో తూచవద్దనే. ఇందుకు గట్టి సాక్ష్యం మన పక్కనే, చెన్నైలో ఉంది. డయాబెటిస్ అంచున ఉన్న 531 మంది మీద అక్కడి పరిశోధకులు చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ అరగంట చురుకైన నడక, తిండిలో మార్పు అలవాటు చేసినవాళ్లలో డయాబెటిస్ రావడం 28 శాతానికి పైగా తగ్గింది. చెప్పుకోదగ్గ విషయమేమిటంటే వాళ్లు పెద్దగా బరువు తగ్గలేదు. అంతకు నాలుగేళ్ల ముందు అమెరికాలో మూడువేల మందికి పైగా మనుషులతో జరిగిన ఇలాంటి ప్రయత్నంలో, వారానికి 150 నిమిషాల నడక లాంటి శ్రమ, ఏడు శాతం బరువు తగ్గుదల లక్ష్యంగా పెట్టారు. అందరిలో కలిపి డయాబెటిస్ రావడం 58 శాతం తగ్గితే, అరవై దాటినవాళ్లలో 71 శాతం తగ్గింది. ముసలితనంలో ఇక ఏం చేసినా ఏం లాభం అనేవాళ్లకు ఈ ఒక్క అంకె చూపిస్తే చాలు.

ఇక పదివేల అడుగుల భయం ఒకటుంది. 1965లో ఒక జపాన్ కంపెనీ అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్ముకోవడానికి దానికి పెట్టిన పేరు అర్థమే పదివేల అడుగుల మీటరు. ఆ అంకె ప్రయోగశాలలోంచి కాదు, ప్రకటనలోంచి వచ్చింది. ఇప్పుడు పిల్లలు కొనిచ్చిన చేతి గడియారాలు దాన్నే పెద్దవాళ్ల మీద రుద్దుతున్నాయి. సగటు వయసు 72 ఉన్న పదహారు వేల మందికి పైగా అమెరికన్ మహిళల అడుగుల్ని లెక్కగట్టి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. 7,500 దాటాక అదనంగా కలిసొచ్చేది పెద్దగా కనిపించలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే ఎక్కువ నడుస్తారు కదా, ఇందులో ఏది కారణం ఏది ఫలితం అని మీ అధికారులెవరైనా అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. అందుకే చీటీలు తీసినట్టు మనుషుల్ని రెండు జట్లుగా విడదీసి చేసిన అధ్యయనం వైపు చూడాలి. 70 నుంచి 89 ఏళ్ల మధ్య ఉండి, అప్పటికే కాళ్లలో సత్తువ తగ్గుతున్న 1,635 మందిలో సగం మందికి నడక ప్రధానంగా వ్యాయామం, మిగతా సగానికి ఆరోగ్య పాఠాలు ఏర్పాటు చేశారు. రెండున్నరేళ్లు దాటాక చూస్తే, 400 మీటర్లు సొంతంగా నడవలేని స్థితికి చేరినవాళ్లు పాఠాల జట్టులో 35.5 శాతం, నడక జట్టులో 30.1 శాతం. తేడా చూడటానికి చిన్నదే. కానీ ఆ 400 మీటర్లే గుడి, పాల బూత్, బస్టాపు, మందుల షాపు. మన పెద్దవాళ్లు బరువు గురించి దేవుడికి మొక్కుకోరు. కాలూ చెయ్యీ ఆడుతుండగానే పోవాలని, ఒకరి చేత చేయించుకోకుండా పోవాలని మొక్కుకుంటారు. వాళ్లకున్న కొలమానమే సరైనది, మనమే కాటా పట్టుకొచ్చాం.

ఇప్పుడు మీ శాఖ దగ్గరికొస్తాను. ఆ 400 మీటర్లు మన పట్టణాల్లో ఎలా ఉంటాయో చూడండి. ఫుట్‌పాత్ అని మనం పిలిచేది చాలా చోట్ల మురుగుకాలువ మీద పరిచిన పలకలు. ఒక పలక ఊగుతుంది, ఇంకొకటి ఉండదు. షాపువాడు బైకు ఎక్కడానికి వేసుకున్న సిమెంటు ర్యాంపు అడ్డం, దాని తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, ఆ తర్వాత వరసగా నిలబెట్టిన బైకులు. పాతికేళ్లవాడు దిగుతూ ఎక్కుతూ పోతాడు. డెబ్భై ఏళ్ల ఆవిడకు అడుగు ఎత్తు గట్టు దిగడమంటే పట్టుకోవడానికి చేయి వెతుక్కోవడం. అందుకని రోడ్డు మీదే నడుస్తుంది, వెనక నుంచి హారన్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఫుట్‌పాత్ మీద అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలనీ, గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదనీ ఉంది. మీ ఇంజనీర్లకు ఆ పుస్తకం కొత్త కాదు. రోడ్డు దాటడం ఇంకో గండం. పాదచారి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడన్న అంచనాతో సిగ్నళ్లకు సమయం కట్టడం చాలా చోట్ల అలవాటు. ఇంగ్లండ్‌లో 65 దాటినవాళ్లను నడిపించి చూస్తే సగటు వేగం మగవాళ్లలో 0.9, ఆడవాళ్లలో 0.8 మీటర్లే వచ్చింది. అంటే సిగ్నల్లో దాటమనే పచ్చ బొమ్మ ఆరిపోయేసరికి ఆవిడ నడిరోడ్డు మీదే ఉంటుంది. అదీ పచ్చ బొమ్మ ఉన్న కూడలి అయితే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో 32,825 మంది నడిచి వెళుతున్నవాళ్లు. దాదాపు ఐదుగురిలో ఒకరు. ఇది తెలిసిన కొడుకో కోడలో అమ్మను గేటు దాటొద్దంటే తప్పుపట్టగలమా? ఆవిడ నడక అపార్ట్‌మెంట్ సెల్లారులో కార్ల మధ్య, లేకపోతే డాబా మీద నీళ్ల ట్యాంకు చుట్టూ సాగుతుంది. కొన్నాళ్లకు అదీ విసుగొచ్చి టీవీ ముందు ఆగుతుంది.

పార్కులున్నాయి కదా, విశాఖలో బీచ్ రోడ్డు ఉంది, రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుంది అని మీరనవచ్చు. ఉన్నాయి, తెల్లవారుజామున అక్కడ నడిచేవాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. కానీ వాళ్లలో చాలామంది స్కూటరు మీదో కారులోనో అక్కడికి వచ్చి నడిచేవాళ్లు. బండి నడపలేని, ఆటో డబ్బులు రోజూ పెట్టలేని, ఇంట్లో ఎవరూ దించిరాని మనిషికి ఆ పార్కు పక్క జిల్లాలో ఉన్నట్టే. పైగా ట్రాక్ మీద నడక ఒక పని. దానికి టైము, బూట్లు, పట్టుదల కావాలి. వీధిలో నడక పని కాదు, పనుల మధ్య ఉండేది. కరివేపాకుకో కరెంటు బిల్లుకో గుడికో పక్కింటి పలకరింపుకో వెళ్లి వచ్చేసరికి రెండు వేల అడుగులు పడిపోతాయి, ఎవరూ లెక్కపెట్టకుండా. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా రోడ్డు పొడవునా మూడు లక్షల మందికి పైగా మనుషుల్ని కూర్చోబెట్టిన ప్రభుత్వం మీది. అంత దూరం రోడ్డును ఒక్క ఉదయం మనుషులకు ఇవ్వగలిగిన యంత్రాంగానికి, ఒక్కో వార్డులో ఒక్క కిలోమీటరు ఏడాది పొడవునా ఇవ్వడం చేతకాదంటే నమ్మడం కష్టం. ఆ కిలోమీటరు రికార్డు పుస్తకాల్లోకి ఎక్కదు, అంతే.

సదుపాయం ఇచ్చినా నడవరండీ, మనవాళ్లకు ఆ సంకల్పం లేదు అనే వాదన మీ సమీక్షా సమావేశాల్లో తప్పకుండా వస్తుంది. అందుకు జవాబు 1953 నాటి లండన్ బస్సుల్లో ఉంది. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు అక్కడి డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించి, రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, టికెట్లు కొడుతూ మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువని చూపించాడు. ఆ కండక్టర్లకెవరూ సంకల్పం నూరిపోయలేదు. మెట్లు పనిలో భాగం కాబట్టి ఎక్కారు. డ్రైవర్లు మొదటి నుంచీ లావుగా ఉన్నారేమో అన్న అనుమానం వస్తే, ఆయనే మూడేళ్ల తర్వాత యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు తీయించి, నిజమే, వాళ్ల నడుములు పెద్దవే అని ఒప్పుకుంటూ ప్రచురించాడు. తన సిద్ధాంతానికే గండి కొట్టే కొలతను తనే తీసుకున్న పరిశోధకుడంటే గౌరవం కలగకుండా ఉంటుందా. అయినా కూర్చునేవాడికీ తిరిగేవాడికీ మధ్య తేడా ఉందన్న మాట నిలబడింది, తర్వాతి డెబ్భై ఏళ్ల పరిశోధనలు దాన్ని బలపరిచాయి. మనిషి కదలిక అతని మనోబలం మీద కంటే అతను తిరిగే చోటి అమరిక మీద ఎక్కువ ఆధారపడుతుందని ఈ కథ చెబుతుంది. ఆ అమరిక మీ శాఖ చేతిలో ఉంది.

ఫుట్‌పాత్ ఖాళీ చేయమంటే తోపుడు బండ్లవాళ్ల పొట్ట కొట్టినట్టే అన్నది నేను తేలిగ్గా తీసుకోలేని అభ్యంతరం. ఖాళీ చేయించడమంటే మన మునిసిపాలిటీలకు ముందు కనిపించేది ఆ బండ్లే. లారీలో పడేసుకుపోవడానికి అవే సులువు. కానీ పెద్దవాళ్లు వీధిలోకి రావడానికి ఉన్న కారణాల్లో ఆ బండి ఒకటి. కూరగాయలమ్మే మనిషితో రెండు మాటలు, బేరం, అరటిపళ్ల బండి దగ్గర ఆగడం లేకపోతే ఆ వీధిలో నడిచేదెవరు? 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం వాళ్లను లెక్కగట్టి, పట్టణ వెండింగ్ కమిటీ ద్వారా చోటు చూపించమంటుంది. ఆ పని సరిగ్గా జరిగితే బండీ ఉంటుంది, 1.8 మీటర్లూ ఉంటుంది. ఎక్కువ చోటు తింటున్నది వాళ్లు కాదు. సెల్లారును గోడౌనుగా మార్చి కస్టమర్ల బండ్లను ఫుట్‌పాత్ మీదికి తోసిన దుకాణాలు, ఇంటి గేటు ముందు పర్మినెంటుగా నిలబెట్టిన కార్లు. వాటి జోలికి వెళ్లడానికి రాజకీయంగా కాస్త ధైర్యం కావాలి. ఆ ధైర్యానికి ఊతం 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఇచ్చింది: అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని చెప్పి, పాదచారుల కోసం మార్గదర్శకాలు తయారుచేసుకోమని రాష్ట్రాలను ఆదేశించింది.

డబ్బు లేదంటారా, నేను కోరేది భారీ నిర్మాణాలు కాదు. పగిలిన పలక మార్చడం, గట్టు చివర వాలు చేయడం, రెండు వందల మీటర్లకో బల్ల వేయడం. పార్కుల్లో పెడుతున్న ఓపెన్ జిమ్ పరికరాల మీద ఖర్చులో కొంత ఇటు మళ్లించినా చాలు. డెబ్భై ఏళ్ల చీరకట్టు మనిషి ఆ గుండ్రటి చక్రాలతో ఏం చేస్తుందో వాటిని కొన్నవాళ్లకే తెలియాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో, 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాల నడక లాంటి శ్రమతో పాటు, మూడు రోజులైనా తూలిపోకుండా నిలబడే బలాన్ని పెంచే కసరత్తు చేయాలంది. దానికి యంత్రం అక్కర్లేదు. చేతులు ఆనించుకునే కమ్మీ ఉన్న బల్ల ఉంటే, దాని మీద పదిసార్లు కూర్చుని లేవడమే తొడలకు కసరత్తు. మోకాళ్ల నొప్పితో నడవలేరనేదీ పూర్తి నిజం కాదు. మోకాలి కీళ్ల అరుగుదలకు వ్యాయామం చికిత్సలో భాగమనే వైద్య మార్గదర్శకాలన్నీ అంటున్నాయి. కాకపోతే వాళ్లు ఆగి ఆగి నడవాలి, ఆగడానికి బల్ల కావాలి. మే నెల ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు, అందుకు చెట్టే దారి. బల్లలకంటే ముందు ఆడవాళ్లకు మరుగుదొడ్డి కావాలి. బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వేసుకునే మనిషి అది లేని దారిలో ఇల్లు కనుచూపు దాటి వెళ్లదు. ఇక కుక్కల బెడద చెప్పడం మొదలుపెడితే ఇంకో ఉత్తరమవుతుంది.

రాష్ట్రంలో పెద్దవాళ్ల వాటా పెరుగుతోంది, పనిచేసే వయసువాళ్లు తగ్గుతున్నారు అన్న ఆందోళనతోనే మీ ప్రభుత్వం స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో ఎత్తేసింది. పుట్టబోయే పిల్లలు ఎదిగి ఆసరా కావడానికి పాతికేళ్లు పడుతుంది. ఈలోగా ఉన్న పెద్దవాళ్లు తమ కాళ్ల మీద తాము నిలబడే ఏళ్లను పెంచడానికి వీధి బాగు చేయడం అంతకంటే దగ్గరి దారి. అది ఎక్కడ మొదలుపెట్టాలన్నదానికి కొత్త సర్వే ఏజెన్సీని కూడా పిలవనక్కర్లేదు. ప్రతి నెలా ఒకటో తారీఖున వార్డు సచివాలయ సిబ్బంది నాలుగు వేల రూపాయల వృద్ధాప్య పింఛనుతో ఇంటింటి తలుపు తడుతున్నారు. ఇంత క్రమంగా ఇన్ని లక్షల మంది పెద్దవాళ్ల ముఖాముఖి నిలబడే యంత్రాంగం దేశంలో ఎన్ని రాష్ట్రాలకుంది? వచ్చే నెల పింఛను చేతిలో పెట్టాక వాళ్లు ఒక్క ప్రశ్న అడిగేలా ఉత్తర్వు ఇవ్వండి: ఇక్కణ్ణుంచి ఎంతదాకా నడిచి వెళ్లగలుగుతున్నారు, ఎక్కడ ఆగిపోతున్నారు, ఎందుకని? ఫలానా మలుపులో పలక లేదనీ, ఫలానా కూడలి దాటలేననీ, ఫలానా చోట కూర్చునే దిక్కు లేదనీ వాళ్లు చెప్పే జవాబులను వార్డు మ్యాపు మీద గుర్తిస్తే, వార్డు సదుపాయాలు చూసే ఎమినిటీస్ సెక్రటరీ ముందు ఆ వార్డు మరమ్మతుల జాబితా తయారుగా ఉంటుంది. అందులోంచి వార్డుకు ఒక కిలోమీటరు చుట్టును, గుడినీ పాల బూత్‌నూ మందుల షాపునూ కలిపేలా ఎంచుకోండి. అమరావతిలో ఇంకా గీతల మీదున్న వీధులకైతే ఆ మరమ్మతు కూడా అవసరం లేదు. 150 మిల్లీమీటర్ల గట్టు ఇప్పుడే వేస్తే సరిపోతుంది.

ఆరు నెలల తర్వాత ఆ చుట్టును ప్రారంభించడానికి మీరు వచ్చినప్పుడు కారు దిగి, ఆ వార్డులోని డెబ్భై ఏళ్లావిడ ఎవరినైనా పక్కన పెట్టుకుని, ఆవిడ వేగంతో ఒక్కసారి చుట్టూ నడవమని మనవి.

భవదీయుడు,
ఒక పట్టణవాసి